రెండు కిలోలు

నెలకోసారి
భరత్‌నగర్‌ల మెట్రో దిగుత.
నేను దిగాల్సింది తర్వాతి స్టేషన్.
ఆ పేరు మైకుల పలికినప్పుడల్లా
కాలేజీ పోరగాండ్లు ఒకరినొకరు పొడుచుకుంటరు
"నీ స్టాపొచ్చింది, దిగురా."
ఎవరికీ కనిపించని ఆ ఆడగొంతును
పెట్టె పెట్టెంత వింటది,
చెప్పిన దిక్కే దిగుతది.
దాన్ని జబ్బని ఎవరంటలేరు.

మూతికి చున్నీ చుట్టుకొని నడుస్త.
ఈ ఎండకు అందరం చుట్టుకునేదే,
అదొక్కటి నయం.
వచ్చేటప్పుడు రైతుబజార్ల ఆగుత.
అడుగున గోలీలు, మీద గోంగూర.
మెట్లకాడ విమలాబాయి సంచి దిక్కు చూస్తది
"కూరగాయలకు అంత దూరమా?"
"తాజాగుంటయి పిన్నీ."

ఏడేండ్ల కింద గోడలు నాతోని మాట్లాడినయి.
ఇప్పుడు మాట్లాడుతలేవు.
మనుషులు సుత.

తమ్ముని సంబంధానికి వాళ్ళొచ్చిన నాడు
నన్ను పటాన్‌చెరు మేనత్తింట్ల ఉంచిన్రు.
"బిడ్డకు పరీక్షలున్నయి" అన్నరట.
నాకు ముప్పై నాలుగు.

కత్తిపీట ఎప్పుడో అటకెక్కింది.
నవ్వితే "గోలి ఏస్కున్నవా?"
నవ్వకుంటే "గోలి ఏస్కున్నవా?"
ఉక్కపోస్తుందన్నా అదే.

ప్రొద్దుటూరు పిల్ల ఓబులేశ్వరి
కాపురానికొచ్చిన మూడోనాడు
వంటింట్లకెల్లి కేకేసింది:
"ఎర్రగడ్డలు అయిపోయినాయ్,
రెండు కిలోలు తెండి!"

టీవీ సప్పుడు తగ్గింది.
బాపు పేపరు మడిచి, మళ్ళ విప్పి, మళ్ళ మడిచిండు.
తమ్ముడు నన్ను చూసి గోడను చూసిండు.
ఎవరు చెప్పిన్రు ఈమెకు?

ఆమె బుట్ట పట్టుకొచ్చి బోర్లించింది.
ఎర్రటి పొట్టు, రెండు మొలకలు.
"ఇవేనబ్బా. మీరేమంటారు వీటిని?"

"ఉల్లిగడ్డలు" అన్న, నేనే.

తెచ్చినంక
కుర్చీ ఎక్కి అటక మీది కత్తిపీట దించి
నా ముందర పెట్టింది.
"రోంత కోసియ్యవా వదినా, నాకు కండ్లు మండుతాయి."
తెలిసి పెట్టిందో తెలువక పెట్టిందో
ఇప్పటిదాంక అడగలే.

నాలుగో గడ్డకు నీళ్ళు కారినయి.
అమ్మ ఉరికొచ్చింది,
"ఏమైందే, గోలి..."

"ఎర్రగడ్డలమ్మా."

మా ఇంట్ల ఆ మాట
నా నోట్లకెల్లి రావుడు అదే మొదలు.
ముక్కు భుజానికి తుడుచుకొని
ఇంకోటి అందుకున్న.