గాలి ఊరు

మా పుంతా అరేనాస్‌లో
గాలి జోరెక్కిన రోజు వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
అంత గాలి ఉన్న ఊళ్ళో
మా ఎలెఉతేరియోకి రాత్రిపూట
గుక్కెడు గాలి కరువయ్యేది.

గురకంటే నాకేం భయం లేదు.
ఇరవై ఏళ్ళు ఫెర్రీ చుక్కాని పట్టుకుని
ఇంజను హోరులో బతికినవాడి గురక ఇంకెలా ఉంటుంది?
అది ఆగినప్పుడే గుండె ఝల్లుమనేది.
ఒకటి, రెండు, మూడు...
ముప్పై దాకా చూసి మోచేత్తో పొడిచేదాన్ని.
నీళ్ళలోంచి తేలినట్టు ఒక్క ఉదుటున గాలి మింగి,
కుడి చెంప దిండుకు ఆనించి
మళ్ళీ మునిగేవాడు.
పొద్దున అడిగితే
"నేనా? హాయిగా పడుకున్నానే!"

జూలై చలిలో ఒక ఉదయం
కిటికీ దగ్గర కళ్ళు నులుముకుంటూ
"సునిల్దా, సముద్రం ఏమైంది?" అన్నాడు.
ఎడమ కన్ను మూస్తే
ఆకాశం ఉంది, పక్షులున్నాయి, ఫెర్రీ పొగగొట్టం ఉంది.
కింది సగం మీద
ఎవరో బూడిదరంగు దుప్పటి లాగేశారు.
నొప్పి లేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

డాక్టర్ యాస్నా చిన్నపిల్ల, మా చెల్లెలి కూతురి ఈడు.
కుడి రెప్పను వేలితో అలా పైకి అన్నదో లేదో
పాత మేజోడు అంచులా వదులుగా తిరగబడిపోయింది.
లోపలంతా ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.
ఆయన్ని కాదు, నన్నడిగింది:
"ఈయన ఏ పక్కకి తిరిగి పడుకుంటారు?"
కంటి డాక్టరుకి మా పడకతో పనేమిటని
మొదట సిగ్గేసింది.
తర్వాత నా లెక్కలన్నీ చెప్పేశాను.
ముప్పై. ముప్పై అయిదు. ఒకసారి నలభై రెండు.
ఆమె రాసుకుంది,
ఎనిమిదేళ్ళుగా ఎవరూ అడగని లెక్క.

"ఊపిరి ఆగినప్పుడల్లా కంటి వెనక నరానికి
రక్తం సరిగా అందకపోయి ఉండొచ్చు.
అదే కారణమని ఒట్టేసి చెప్పలేను.
రెండో కన్నుంది కదా, దాన్ని కాపాడుకుందాం."

ఇప్పుడు ముక్కుకి మాస్కు.
మంచం పక్కన చిన్న పెట్టె, దాని పనల్లా గాలి ఊదడం.
మొదటి వారం ఆ మాస్కు అంచులోంచి గాలి జారి
మంచి కన్నే ఎండిపోయి ఎర్రబడింది.
పట్టీ బిగించడం నేనే నేర్చుకున్నాను.
పోయిన సగం రాలేదు. రాదట.
చుక్కాని వేరేవాళ్ళకిచ్చారు. ఈయన టికెట్లు చింపుతాడు,
మెట్టు వస్తే కాలితో తడుముకుంటూ.

రాత్రి బయట గాలి రేకుల్ని పీకుతుంటుంది.
చీకట్లో అలవాటు కొద్దీ
ఒకటి, రెండు అనుకుంటాను.
మూడు దాకా వెళ్ళనివ్వడు.

నాకే నిద్ర పట్టడం లేదు.