అడ్డగీతలు

ఫర్వానియాలో మా టైపింగ్ సెంటరంటే
రెండు కుర్చీలు, ఏసీ నీళ్లు కారే ఒక బకెట్టు.
నా కీబోర్డు మీద ఎక్కువగా అరిగిన మాట
క్యాన్సిల్.

లీవులో పోయేవాళ్లు సబ్బులు కొంటారు, టాంగ్ డబ్బాలు కొంటారు.
క్యాన్సిల్‌లో పోయేవాళ్లు
గోడకు కొట్టిన మేకు కూడా పీక్కుని పోతారు.

ఒక మధ్యాహ్నం సిస్టం మొరాయిస్తే
ఈ మాట పుట్టిల్లు వెతికాను.
లాటిన్‌లో అది కిటికీ ఊచలట.
పాతకాలపు రాయసగాళ్లు
తప్పు రాసిన చోట నిలువుగా, అడ్డంగా గీతలు కొడితే
కాగితం మీద జాలీ మొలిచిందట.
ఇంకాస్త తవ్వితే
ఆ ఊచల వెనక జైలు కనబడింది.
అక్కడితో ఆపేసి టీ తెప్పించుకున్నాను.

ఆరో తరగతిలో
పైన ఏడు, కింద ఏడు కొట్టేసి సున్నా రాశాను.
పెంచలయ్య సారు చెవి మెలేశాడు:
"కొట్టేస్తే ఏమీ మిగలదనుకుంటివా? ఒకటి మిగుల్తాది రా!"
బ్యాంకువాడూ అంతే,
ఖాతా బతికుందనడానికి
గీతలు కొట్టి చంపిన చెక్కే సాక్ష్యం తెమ్మంటాడు.

ఇవాళ ఓబుళమ్మ వచ్చింది.
జాబ్రియాలో ఒకే వంటింట్లో పదకొండేళ్లు.
మామా చనిపోయిందట.
(ఇక్కడ మామా అంటే మామ కాదు, ఇంటి యజమానురాలు.
మాటలకు ఇక్కడ ఏ ఉద్యోగమైనా ఇస్తారు.)
"క్యాన్సిల్ అంటే మన తెలుగులో ఏమంటారు నాయనా?"
"రద్దు" అన్నాను, కళ్లు తెర మీదే పెట్టి.

పక్క కుర్చీలోంచి సూడాన్ ముసలాయన ఇద్రీస్ తలెత్తాడు.
"రద్? అది మా మాట కదా!"
వాళ్లకది జవాబు.
ఫోన్ మోగితే ఎత్తమని చెప్పే మాట.
తీసుకున్నది తిరిగి ఇచ్చేయడం.

నాకు నవ్వొచ్చింది.
ఎప్పుడో ఏ నవాబు కాలంలోనో
ఈ ఇసుకలోంచి బయల్దేరి మా వైపు వచ్చి,
కచేరీల్లో కూర్చుని, అర్థం మార్చుకుని,
అకామా లేకుండా, కఫీల్ లేకుండా
మా నోళ్లలో కాపురం పెట్టింది.
దాన్నెవరూ క్యాన్సిల్ చెయ్యలేదు.

ఓబుళమ్మకు విడమరిచి చెప్పాను.
"తిరిగిచ్చేదా?" అని కాసేపు ఊరుకుంది.
"పదకొండేండ్లు ఎవురు తిరిగిస్తారంట?"
నేను ప్రింట్ నొక్కాను.
ఇద్రీస్ ఇంకుప్యాడు జరిపాడు.

సంతకం రాదు, బొటనవేలు ఒత్తింది.
గిన్నెలు తోమి తోమి అరిగిన వేలు,
మొదటిసారి మచ్చే పడింది, రెండోసారి గీతలు పడ్డాయి.
చుట్టూ తిరుగుతున్నాయి అన్నీ.
ఒక్కటీ ఇంకోదాన్ని అడ్డంగా కొట్టెయ్యలేదు.

చార్జీ మూడు దినార్లు.
ఐదు నోటు బల్ల మీద పెట్టి,
సంచి చంకన సర్దుకుంటూ,
నవ్వకుండా అంది:
"మిగతాది రద్దు చెయ్యి నాయనా."