ఒకటింబావు

మూత మీద మూడు ఎలక్షన్ల తారు.
సంతపేట మలుపులో పొద్దున్నే గడ్డపార దించాం.
దెబ్బ దెబ్బకీ ఎత్తిరాజులు చెవి ఒగ్గుతాడు:
"రాయి సార్... ఇదీ రాయే...
ఆఁ, ఇది ఇనుము."

ఏడో నంబరు హైడ్రెంటు.
లోపల గుట్కా పొట్లాలు, పూలదారం,
ఎండిపోయిన కప్ప, బొమ్మ కారు చక్రం ఒకటి.
స్పిండిలు మీద తుప్పు ముదురుపాకంలా బిగుసుకుంది.
కిరసనాయిలు పోశాక
అలవాటుగా బీడీ తీశాడు ఎత్తిరాజులు.
నేను చూశాను.
మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఇద్దరం భుజాలు ఆనించి తిప్పితే
పళ్ళు కొరికిన చప్పుడు,
ముందు గాలి,
ఏళ్ళ తరబడి ఎవరూ పీల్చని గాలి,
తర్వాత దగ్గు,
తర్వాత ఎర్రగా, మట్టిమట్టిగా నీళ్ళు.

"నీళ్ళొచ్చినాయి మేయ్!"
తొమ్మిది రోజులకోసారి కొళాయి చూసే వీధి
నిమిషంలో బిందెలై నిలబడింది.
ఇడ్లీ బండి కుప్పమ్మాళ్ నా చెయ్యి పట్టుకుంది.
"మాకు లేవంట, కాలవకుండాయంట!
ఏం సామీ, పారబోసేదానికి నీకు జీతమా?"

అవును, ఈ పూటకి అదే జీతం.
తుప్పు కడుక్కుపోవాలమ్మా.
నీళ్ళుంటే చాలదు,
నీళ్ళకి తోపు ఉండాల,
దాన్ని కొలవాల.

గేజీ బిగించాను.
ముల్లు లేచింది, వణికింది,
ఒకటింబావు దగ్గర చతికిలబడింది.

రావాల్సింది మూడున్నర.
ఒకటింబావు అంటే
మొదటి అంతస్తు కిటికీ తడుస్తుంది.
రెండో అంతస్తులో ఎవరైనా చెయ్యి ఊపితే
పైపు పట్టుకుని
తలెత్తి చూస్తూ ఉండాలి.

పుస్తకం తెరిచాను.
పదకొండేళ్ళుగా ఏడో నంబరుకి ఎదురుగా
బాగుంది, బాగుంది, బాగుంది.
అందులో నాలుగు
నా చేతిరాతే.

పోయిన మే నెలలో
మామిడికాయల పెట్టెల గోడౌను అంటుకున్న రాత్రి
ఏడో నంబరు ఎక్కడుందో
మాలో ఒక్కరికీ తెలియలేదు.
నీవా ఏట్లో ఇసక తప్ప ఏముంది?
ట్యాంకరు వచ్చేసరికి
పెట్టెలు లేవు, కప్పు లేదు,
వాచ్‌మన్ మునిశేఖర్ సైకిలు మాత్రం
గోడకి ఆనుకుని అట్లాగే ఉంది.
పుస్తకంలో, ఆ రాత్రి కూడా,
బాగుంది.

నీళ్ళు తేరుకున్నాయి.
"పట్టుకోండమ్మా," అన్నాను.
రూలు ఒప్పుకోదు.
ఎత్తిరాజులు అటు తిరిగి నిలబడ్డాడు.

బిందెలు నిండుతుంటే రాశాను:
ఒకటింబావు. చాలదు.
ఇంత చిన్న మాటకి
పెన్ను రెండుసార్లు ఆగింది.

మూత చుట్టూ పసుపు రంగు వేస్తుంటే
కుప్పమ్మాళ్ అడక్కుండానే
బండిని రెండడుగులు జరుపుకుంది.
"తారోళ్ళొస్తే చెప్తాలే," అంది,
ఇంకా కోపంగానే.

ఎత్తిరాజులు గడ్డపార భుజాన వేసుకున్నాడు.
ఎనిమిదో నంబరు ఆనవాలు
పుస్తకంలో స్పష్టంగా రాసుంది:
గిరింపేట, వేపచెట్టుకి నాలుగడుగులు తూర్పున.

గిరింపేటలో
వేపచెట్టు ఏదీ?