తునికి చెట్టు

ములుగు దాటంగనే అద్దం దించింది చిన్నమ్మ.
"గాలి కొనుక్కునుడేందిరా, ఏసీ బంద్ జెయ్."
తాడ్వాయి అడవిల మోదుగులు
ఆకు లేకుంట పూసి నిలవడ్డయ్.

ఏటూరునాగారం అవతల మిరపకల్లాలు.
ఘాటుకు ఇద్దరం తుమ్ముడే తుమ్ముడు,
ఎదురొచ్చిన ఇసుక లారీ హారన్ సుత
తుమ్మినట్టే వినవడ్డది.

ముల్లకట్ట వంతెన మీద బండి ఆపిన.
కింద గోదారి, సగం ఇసుక, సగం ఎండ,
నడుమ చీరంచంత నీళ్లు.
"సముద్రం గిట్లనే ఉంటదా?"
"నేను సూడలే చిన్నమ్మా."
"మంచిగైంది. ఇద్దరం ఇదే అనుకుందాం."

మర్లి వస్తుంటే అడవి నడుమ ఆపుమన్నది.
నల్ల బెరడు మొద్దు, పక్కన మోకాలెత్తు చిగుర్లు.
ముప్పై ఏండ్లు కరీమాబాద్ అరుగు మీద
కత్తెరతోని, రేకుతోని, వెయ్యికింత లెక్కన
ఈ ఆకునే చుట్టింది.
చెట్టును సూసుడు ఇయ్యాల్నే.

ఒక్కాకు సుత తెంపలే.
బొటనవేలు ఆనిచ్చి కొలిచి సూసి
"ఒక్కదాంట్ల రెండు బీడీలెల్తయ్" అన్నది.

హన్మకొండ లైట్లు కనవడేదాక
ఆ వేలు ఒళ్లె అట్లనే చాపి ఉన్నది.