సాయంత్రం కోసిన పాలకూర

టిన్స్లీ వంతెన పక్కన
మూడో నంబరు మడి సాలే ముసాయిద్‌ది.
తలమీద మోటర్‌వే, రెండంతస్తులు.
ఉరుములకీ వానకీ ఇక్కడ చుట్టరికం లేదు,
లారీలు పోతూనే ఉంటాయి.

"చూడు, రోడ్డు వైపు వరసే ఎంత బాగుందో" అంటాడు.
నిజమే, మా వైపు రైతులు చేను నల్లబడిందంటారే,
అంత పచ్చన.

నా సంచిలో కత్తెర, ఐసు డబ్బా, పరీక్ష గొట్టాలు.
ఆకు ఏం తింటోందో
అడిగి రమ్మని పంపారు నన్ను.

గాలి తిని బతుకుతావా అని
అన్నం వదిలేస్తే తిట్టేవాళ్లు చిన్నప్పుడు.
ఈ పాలకూర బతుకుతోంది.
ఆకు అడుగున కంటికానని నోళ్లతో
లారీలు వదిలిన నైట్రోజన్ డయాక్సైడు మింగి,
లోపలి తడిలో నానబెట్టి నైట్రైటు చేసి,
ఎండ ఉన్నంతసేపూ దాన్ని అమ్మోనియాగా మార్చి
మాంసకృత్తుల్లో పేర్చుకుంటుంది
వేరుకి మాటైనా చెప్పకుండా.
వేరు కాస్త బద్ధకిస్తుంది.

పొగపెట్టి వెళ్లగొడదామనుకుంటే
ఆ పొగమీదే వండుకుంది!

అంతవరకూ బాగానే ఉంది.
రాత్రయితే?
లారీలు ఆగవు, నోళ్లు పూర్తిగా మూసుకోవు,
వెలుతురు లేక లోపలి వంటవాడు చేతులు ముడుచుకుంటాడు.
మింగింది అరగదు. నైట్రైటు విషమై
ఆకులోనే కూర్చుంటుంది.

ఉక్కు కొలుములు మండిన రోజుల్లో గంధకం కూడా తోడు.
ఆకులకి తెల్లమచ్చలు లేచేవట.
"ఆ కొలిమి దగ్గర ఇరవై రెండేళ్లు నేనే నిలబడ్డా,
ఆ మచ్చల్లో నావీ కొన్ని ఉంటాయిలే"
అని నవ్వబోయి
నీలం ఇన్‌హేలరు రెండుసార్లు నొక్కుకుని
అప్పుడు నవ్వాడు.

ల్యాబులో తెల్లారి కోసిన ఆకు రసం
చుక్క మందు పడగానే గులాబీ రంగుకి తిరిగింది,
కేకు మీద క్రీములా, చిక్కగా.
సాయంత్రం కోసింది
ఇష్టం లేకుండా ఒప్పుకున్నట్టు, లేతగా.

రిపోర్టు నిండా పట్టికలు.
ఆయనకి పనికొచ్చే ముక్క అందులో ఒక్కటే:
"పొద్దున వద్దు, ఎండ తిన్నాక కోయండి."

"ఫజర్ నమాజు కాగానే కోయడం
నలభై ఏళ్ల అలవాటు" అన్నాడు.
కాసేపు వంతెన కేసి చూశాడు.
"మరి ఊపిరో? అది ఏ పూట పీల్చమంటావు?"

నా దగ్గర ఆ పట్టిక లేదు.

ఐదున్నరకి కోసిన కట్ట
పేపర్లో చుట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.
బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను.
రోదరమ్ రోడ్డు సిగ్నల్ దగ్గర
కాగితం లోపలివైపు చెమర్చింది.
కోసినా ఇంకా పీలుస్తూనే ఉంది.