పరుషాలు లేని భాష

ముందు ఐదు ముక్కులు పెట్టుకున్నాం:
ఙ ఞ ణ న మ.
సంగడిగుంట మున్సిపల్ బడిలో
పలక మీద ఊరికే కూర్చుని
ఒక్క మాట మొదలెట్టడానికీ పనికిరాని ఆ ఙకీ, ఞకీ
మా చెల్లెలి నోట్లో మొదటిసారి పని దొరికింది.

అంగిట్లో చీలిక దానికి.
క అందామని ఊదితే గాలి ముక్కులోంచి జారిపోయేది.
కోటేశ్వరి కాస్తా ఙోణేహ్వలి.
చిట్టిబాబుని నేను ఞిణ్ణిమాముని.
పిల్లలు నవ్వేవాళ్ళు.
నాకు తొమ్మిదేళ్ళు, వాళ్ళని కొట్టేంత ఒళ్ళు లేదు,
అందుకని భాషే మార్చేశాను.

అమ్మ యార్డులో మిరప తొడాలు తీసేది.
బస్తాల నీడన మేం హల్లులు ఏరేవాళ్ళం.
ఊరు పక్కకి నెట్టే తాలుకాయే మాకు మేలురకం.
య ల ళ వ, జారుడివి, ఉంచాం.
హ ఉంచాం.
ఘాటు తగిలి, దగ్గుకి ముందు
ఊపిరి గొంతులో ఒక్క క్షణం ఆగుతుందే, అదీ ఉంచాం.
దానికి బళ్ళో గుర్తు నేర్పలేదు,
బొగ్గుతో చుక్క పెట్టాం.
పన్నెండోది అమ్మ విసుక్కున్నప్పటి నాలుక చప్పుడు.
గాలితో పనే లేదు దానికి. కోటి అది కొడితే
బండి ఎద్దులు ఆగి చూసేవి.

పన్నెండు హల్లులతో ఎవర్ని తిడతావు?
తిట్టు సగంలోనే మెత్తబడిపోయేది.
పోట్లాటొస్తే తెలుగులోకి దిగాల్సిందే,
అక్కడ నేనే గెలిచేవాణ్ణి,
అది న్యాయం కాదని తెలిసీ.

పదకొండో ఏట పెద్దాసుపత్రిలో అంగిలి కుట్టారు.
తర్వాత నెలల తరబడి అద్దం ముందు
మూతికెదురుగా కాగితం ముక్క.
అది ఎగిరితే ప.
ఎగరలేదు.
ఎగరలేదు.
ఓ సాయంత్రం ఆ కాగితం నేను లాక్కుంటే
నా మొహం మీదే పేలింది:
పో!

ఎంత శుభ్రమైన ప!
పెదాలు బిగించి, గాలి కూడబెట్టి, వదిలింది.
అమ్మ చేటలో మిరపకాయలు ఒలికిపోయాయి.
నేను పోయాను, నవ్వుకుంటూనే.
మెట్ల మీద కూర్చున్నాక గాని తట్టలేదు,
ఞిణ్ణిమామూ అని పిలిచేవాళ్ళు ఇక లేరని.

ఇప్పుడది అదే యార్డులో వేలం గుమాస్తా.
తేజ, బ్యాడిగి, సూపర్ టెన్,
కచటతపలు పటపటా రాలుతుంటే
బేరం దింపబోయిన వ్యాపారి నోరు మూసుకుంటాడు.

సీజను చివర గొంతు పోతుంది దానికి.
మొన్న ఫోన్ చేసి, ఎట్టా ఉన్నావే, అన్నాను.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత చుక్క.
చుక్క తర్వాత, ఙ.