తే

సిరొంచ బస్టాండుల నా కొట్టు పేరు మరాఠీల రాసుంటది.
నాకు చదవరాదు.
పెయింటరు పైసలు తీస్కొని ఏం రాసిండో ఏమో,
గిరాకీ మాత్రం ఓదక్క కొట్టు అనే అంటరు.
కండక్టరు పాటీల్ సారు చహా అంటడు,
గోదారి అవుతలి నుంచి వచ్చెటోళ్లు టీ అంటరు,
గిన్నె ఒక్కటే, పాలు ఒక్కటే,
అల్లం దంచే రాయి మా అత్త ఇచ్చిపోయింది.

ఆ పొద్దు ప్రాణహిత మీద లేచిన మంచు
అహేరి బస్సు అద్దాలకు అంటుకొని వచ్చింది.
ఒకామె దిగింది.
మన మనిషే అనుకున్న, అదే చామనచాయ, అదే జడ,
బూట్లు చూస్తె గాని తెల్వలే.
కడుపు పట్టుకొని బెంచీ మీద కూలబడి
"తే" అన్నది.

ఏం తేవాలె బిడ్డా?
"తే" అన్నది మళ్ల.
నీళ్లు తెచ్చిన. బిస్కెట్ పుడ తెచ్చిన.
చెంబు తెచ్చి దొడ్డి దిక్కు చూపిచ్చిన.
అంత నొప్పిల గూడ నవ్వింది,
పొయ్యి మీది గిన్నెకు వేలు చూపెట్టింది.
వాళ్ల భాషల చాయ్ పేరే తే అట.
అడిగినోళ్లకు తెచ్చియ్యాలె అని
పేరులనే ఉన్నది సూడు.

వెంట వచ్చిన విత్తనాల ఆఫీసు పోరడు నైతం బండు చెప్పిండు:
పేరు మారిసోల్, ఊరు మెక్సికో,
పాలు వద్దంటున్నది.

పాలు లేకుండ చాయా?
మా ఇంట్ల అది ఒక్క దినమే.
మా ఆయన నావ ఒక్కటే ఒడ్డుకు వచ్చిన తెల్లారి
పక్కింటోళ్లు గంజుల పోసుకొచ్చిన్రు, నల్లగ.
పదకొండేండ్లాయె,
ఆ చేదు ఇంక నాలుక మీదనే ఉన్నది.
ఈ ముక్క బండుకు చెప్పలే. తర్జుమా చేస్తడని భయం.

అప్పుడు చూసింది ఆమె,
నులక మంచం మీద ఎండబోసిన పుంటిదొప్పలు,
గింజ తీసినయి, కోడిపుంజు జుట్టు లెక్క ముడుచుకున్నయి.
"హమైకా!" అని అరిచింది,
జాతరల తప్పిపోయిన చెల్లె దొరికినట్టు.

అది అంబాడి అన్నడు పాటీల్ సారు.
ఎక్కడి అంబాడి, పుంటి, అన్న నేను.
గోంగూర కదండీ, అన్నడు మిర్చి లారీ డ్రైవరు.
బస్సుకు టైమైంది. ఎవ్వలు లేవలే.

నా పొయ్యి కాడ ఆమే నిలబడ్డది.
నీళ్లు మరిగినంక గుప్పెడు దొప్పలు, మూత,
బిర్యానీ హోటల్ల అడుక్కొచ్చిన దాల్చినచెక్క ముక్క,
చక్కెర.
మూత తీస్తె బతుకమ్మ నాడు తాంబాలంల కుంకుమ కలిపినట్టు.

వాళ్ల అమ్మమ్మ మట్టికుండల కాచి చల్లార్చి పోసేదట.
కడుపునొప్పికి ఒక పువ్వు, దగ్గుకు నిమ్మగడ్డి, నిద్రకు ఇంకేదో ఆకు.
ఊర్లల్ల తే అంటె రోగం మనిషిదే,
మంచిగున్నోళ్లు కాఫీ తాగుతరట.
ఇప్పటి పట్నం పోరగాండ్లయితె
పొడుగు గ్లాసుల సగ్గుబియ్యం ఏస్కొని
లావు పైపు పెట్టి పీలుస్తరట.
ఈ మాట చెప్పి బండు తనే నమ్మలే.

పాటీల్ సారు ఒక్క గుటక తాగి కన్ను గీటిండు.
నిజంగ గీటలే, పులుపుకు అదే మూసుకపోయింది.
డ్రైవరు ఇంకో గ్లాసు అడిగి, ఉల్లిపాయ ఉందాండీ అన్నడు.

పోయేటప్పుడు నా చేతుల ఒక చిన్న పొట్లం పెట్టింది.
లోపల దారం కట్టిన కాయితపు సంచి, తాయెత్తు లెక్క.
మనవరాలు మీది ధర చదివి వినిపిచ్చింది.
ఆ పైసలకు నేను గంపెడు దొప్పలు కొలుస్త.
వాసన చూస్తె మా పెరడే.
నీళ్లల్ల ముంచ బుద్ధి కాలే,
కొట్టు గల్లకు కట్టిన.

రాత్రి ఆఖరు బస్సు పోయినంక
నాకోసం ఇంత చాయ్‌పత్త ఏస్కున్న.
పాల ప్యాకెట్ పక్కనే ఉన్నది, సగం నిండ.

ఇయ్యాల ఎవ్వలు చావలే.
అయినా పాలు పొయ్యలే.